సంస్థ వారి అధికారిక ఇంజన్ శబ్దం

కదిలే బస్సును ఇరవయ్యేడేళ్ళు నడిపినవాడికి కదలని బస్సు నడపడం ఒక లెక్కా అనుకున్నాడు మద్దిలేటి, సర్క్యులర్ చదివి వినిపించిన రోజున. యాభై దాటిన డ్రైవర్లందరూ ఏటా ఒకసారి సిమ్యులేటర్ మీద పరీక్ష రాయాలట. రాయడమంటే రాయడం కాదు, తోలడం. మూడుసార్లు తప్పినవాడు స్టీరింగ్ దిగిపోవాలి. దిగినవాడికి "ప్రత్యామ్నాయ విధులు" ఇస్తారని కాగితంలో ఉంది. అవేమిటో రేగడిపల్లె డిపోలో అందరికీ తెలుసు. షెడ్డులో రబ్బరు పైపు పట్టుకుని బస్సులు కడగడం.

ఆ యంత్రం పట్నంలో పెద్ద పెద్ద షాపుల పైఅంతస్తులో పిల్లలు ఆడుకునే రేసుకారు యంత్రం. మూడు టీవీలు, ఒక సీటు, రొట్టెల పెనమంత స్టీరింగు. టెండరు దక్కిన కంపెనీ వాళ్ళు కారు బొమ్మ తీసి బస్సు బొమ్మ పెట్టారు, రేసు రోడ్డు తీసి గతుకుల రోడ్డు పెట్టారు, మధ్యలో నాలుగు బర్రెల్ని కూడా వదిలారు. టెండరు కాగితంలో ఇరవయ్యెనిమిది అంశాలు అడిగారు, ఇరవయ్యెనిమిదీ ఇచ్చారు. శబ్దం అడగలేదు గనక దాని జోలికి పోలేదు. అందువల్ల పైకి ఆర్డినరీ బస్సు, కడుపులో రేసుకారు.

మద్దిలేటి బస్సు తోలేది చెవులతో. చాలామంది డ్రైవర్లదీ అదే పద్ధతి. ఆయన తోలే గోనెపాడు బస్సు నంబరు చివర ముప్పైఏడు ఉంటుంది కాబట్టి దాన్ని ముప్పైఏడు అనే పిలుస్తాడు, ఇంట్లో మనిషిని పిలిచినట్టు. ముప్పైఏడులో స్పీడు చూపించే ముల్లు సున్నా దగ్గర పడుకుని ఏడేళ్ళయింది. ఎవరూ లేపలేదు. లేపాల్సిన అవసరమూ రాలేదు. రెండో గేరులో బస్సు గొంతు కాస్త పైకి లేచి ఇంక చాలన్నట్టు నసుగుతుంది. అప్పుడు మూడో గేరు వేయాలి. ఎక్కుడు రోడ్డులో గొంతు అడుక్కి దిగి మూలుగుతుంది. అప్పుడు మళ్ళీ రెండు. ఈ లెక్కన ఇరవయ్యేడేళ్ళలో ఒక కోడిని తప్ప దేన్నీ గుద్దలేదు. ఆ కోడి కూడా తనంతట తాను వచ్చిందని సాక్షులున్నారు.

అలాంటివాడు సిమ్యులేటర్ ఎక్కి ఎక్సిలేటర్ మీద కాలు ఆనించాడో లేదో, దున్నపోతంత దోమ చెవిలో దూరినట్టు కీచుమని మోత లేచింది. చెవి గేరు మార్చమంది, చెయ్యి మార్చింది. మోత తగ్గలేదు. మళ్ళీ మార్చింది. నాలుగు ఊపిర్లలో ఐదు గేర్లూ అయిపోయాయి. ఎద్దులబండి స్పీడులో టాప్ గేరు పడ్డ బొమ్మ బస్సు వణికి వణికి, రోడ్డు దిగి, ఒక బడి ఆవరణలో దూరి జెండా కర్ర దగ్గర నిలబడింది. అప్పుడు ఎక్కడినుంచో వేలమంది జనం చప్పట్లు కొట్టారు. అది రేసుకారు చప్పట్లు, తీసెయ్యడం మరిచిపోయారు. మద్దిలేటి మాత్రం ఎవరు కొట్టారా అని వెనక్కి తిరిగి చూశాడు.

"పరీక్షా సమయమున వెనుకకు చూచుట" అని ఇంకో నాలుగు మార్కులు కోసి, తప్పాడన్నారు.

నెల తరవాత రెండోసారి. ఈసారి చప్పట్లకు తిరిగి చూడలేదు గానీ బడికి బదులు చెరువులో దూరాడు.

యంత్రం నడిపించేది రజియా అనే పిల్ల. డిప్లొమా చదివి కాంట్రాక్టు మీద చేరింది. రెండోసారి తప్పిన కాగితం చేతికిస్తూ మెల్లగా అంది.

"మామా, తప్పు నీ చేతిలో లేదు. శబ్దంలో ఉంది."

"నాకు తెల్దా తల్లీ. పసిబిడ్డకు జ్వరమొస్తే ఏడ్చినట్టు ఏడుస్తాంది అది. గేరెట్ల మార్చేది?"

రజియా టీవీ మీద ఏదో నొక్కింది. నాలుగు పొడుగాటి గీతలొచ్చాయి. వాటి కింద ఇంజన్, టైర్లు, గాలి, జనం అని రాసి ఉంది. ఒక్కో గీత మీద ఒక్కో గుండు. "గుండును ఇటు జరిపితే గొంతు సన్నబడతాది, అటు జరిపితే లావవుతాది. బస్సు గొంతే కావాలంటే నిజం బస్సు శబ్దం ఎక్కించుకోవచ్చు. పది నిమిషాల పని."

"మరి జరుపు. నీ పుణ్యముంటాది."

రజియా బల్ల మీదకు చెయ్యి చూపించింది. మౌసుకు ఖాకీ గుడ్డ చుట్టి, పురికొసతో కట్టి, ముడి మీద లక్క సీలు వేసి ఉంది. "పై నుంచి ఆర్డరు లేకుండా ఇది విప్పినానంటే నా ఉద్యోగం పోతాది మామా."

మూడో పరీక్షకు ఇంకా నెలా పదిరోజులుంది. మద్దిలేటి అర్జీ రాయించుకుని ప్రాంతీయ శిక్షణాధికారి తారకేశ్వరరావు గారి గదికి వెళ్ళాడు. ఆయన మామూలుగా మాట్లాడగా విన్నవాళ్ళు ఆ డిపోలో లేరు. ఇంట్లో ఉప్పు కావాలన్నా లిఖితపూర్వకంగా అడుగుతాడని చెప్పుకుంటారు.

అర్జీ రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశాడు. "శబ్దము సరిగా లేదని నీ అభ్యర్థన."

"అవును సార్. అది బస్సు శబ్దం కాదు."

"బస్సు శబ్దము ఎట్లుండవలెనో నీకెట్లు తెలియును?"

"ఇరవయ్యేడేండ్లుగా ఇంటాండా కదా సార్."

"అది నీకు వినిపించిన శబ్దము. నీ వ్యక్తిగత విషయము. సంస్థకు వినిపించు శబ్దము ఏదో నేటివరకు నిర్ణయింపబడలేదు." అని ఆగాడు. ఆగినచోట ఆయన ముఖంలో వెలుగొచ్చింది. "నిర్ణయింపబడలేదు" అని మళ్ళీ అనుకున్నాడు, ఖాళీ స్థలం కంటబడ్డవాడిలా.

వారం తిరిగేసరికి అధికారిక ఇంజన్ శబ్ద నిర్ధారణ సంఘం ఏర్పడింది. అధ్యక్షులు తారకేశ్వరరావు గారు. సంఘం తేల్చేదాకా పరీక్షలన్నీ వాయిదా. మద్దిలేటిని "క్షేత్రస్థాయి శ్రోత" హోదాలో తలుపు దగ్గర నిలబడమన్నారు.

ముందుగా ముప్పైఏడుకు మైకులు కట్టి, గోనెపాడు దాకా పోనిచ్చి, వచ్చీపోయే శబ్దమంతా పట్టుకొచ్చారు. మద్దిలేటికి ఆ రోజు పెళ్ళికొడుకైనంత సంతోషం. బస్సు కూడా బాగా పలికింది. మూలమలుపు దగ్గర మూలిగింది, దిగుడులో గునిసింది, సంత దగ్గర జనం ఎక్కితే నిట్టూర్చింది.

సంఘం సమావేశమైంది. మౌసుకు సీలు అధ్యక్షుల వారే స్వహస్తాలతో విప్పారు. రజియా ఒక్కో మోతకు ఒక్కో గీత విడదీసి శబ్దం పెట్టింది. గడగడమని కిటికీలు మోగాయి.

బాడీ విభాగం అధికారి చెయ్యెత్తాడు. "మా రికార్డుల ప్రకారం ఏ బస్సులోనూ కిటికీలు వదులుగా లేవు. గత త్రైమాసికంలో నూటికి నూరు శాతం బిగించాం. కావున ఇది కిటికీల శబ్దం కాదు."

"మరేమిటి?"

"అది మా విభాగం చెప్పవలసిన విషయం కాదు."

"తొలగించుము" అన్నారు అధ్యక్షులు. రజియా ఒక గుండును కిందికి దించింది.

తరవాత గేరుబాక్సు కర్రుమంది. మెకానికల్ విభాగం వారు తమ గేరుబాక్సులు కర్రుమనవన్నారు. తీసేశారు. బ్రేకు కీచుమంది. బ్రేకుల విభాగం వారు, ఆ కీచు పక్కన పోతున్న ప్రైవేటు లారీది అయి ఉండొచ్చన్నారు. తీసేశారు. కండక్టరుతో చిల్లర కోసం జనం పోట్లాడే శబ్దం వచ్చింది. ట్రాఫిక్ విభాగం అధికారి లేచి నిలబడ్డాడు. "మా బస్సులో నలభై ఎనిమిది సీట్లు. ఇందులో నాకు తక్కువలో తక్కువ డెబ్బై గొంతులు వినిపిస్తున్నాయి. కాబట్టి ఇది బస్సు కాదు, బహిరంగ సభ."

తీసేశారు. ఇక మిగిలింది ఇంజను. ఏ అడ్డూ లేకుండా ఒంటరిగా వినబడేసరికి తలుపు దగ్గర మద్దిలేటికి కళ్ళు చెమర్చాయి. స్టోర్సు విభాగం అధికారి దగ్గి గొంతు సవరించుకున్నాడు.

"విచారకరమైన సంగతి. ముప్పైఏడు తాలూకు పాత ఇంజనును మూడేళ్ళ కిందట తీసేసి కొత్తది బిగించినట్టు మా దగ్గర రాసి ఉంది. కొత్తది ఇంకా రాలేదు. కాబట్టి పాతది లేదు, కొత్తది మోగే వీలు లేదు."

గదిలో అందరూ ఆలోచించి, ఈ శబ్దం ఎక్కడినుంచీ రావడం లేదని ఏకాభిప్రాయానికి వచ్చారు. రజియా ఇంజను గుండును కూడా దించింది. హారను ఒక్కటి మిగిలింది. అది మాత్రం ఏ విభాగానికీ అభ్యంతరం కాలేదు గానీ, ప్రత్యేక ఆహ్వానితుడిగా వచ్చిన శబ్ద నియంత్రణ అధికారి, బొమ్మ రోడ్డు పక్కన ఒక బొమ్మ ఆసుపత్రి ఉన్న సంగతి ఎత్తిచూపాడు.

హారనూ పోయింది.

"ఇప్పుడు మొత్తము వినిపించుము" అన్నారు అధ్యక్షులు. రజియా మొత్తం వినిపించింది. పదకొండుమంది అధికారులు చేతులు కట్టుకుని, తలలు కాస్త పక్కకు వంచి, నాలుగు నిమిషాలపాటు శ్రద్ధగా విన్నారు. ఒకాయన మధ్యలో కాలుతో తాళం కూడా వేశాడు.

"ఎవరికైనను అభ్యంతరమా?"

ఎవరికీ లేదు. సంస్థ చరిత్రలో అన్ని విభాగాలూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదలని అధ్యక్షులు గద్గద స్వరంతో చెప్పారు.

మద్దిలేటి ఉండబట్టలేక తలుపు దగ్గరనుంచే అన్నాడు. "సార్, ఏమీ ఇనబళ్ళేదు."

"అభ్యంతరకరమైనది ఏదియు వినబడలేదు" అని సరిదిద్దారు తారకేశ్వరరావు గారు. రాసుకునేవాడు అలాగే రాసుకున్నాడు. మౌసుకు మళ్ళీ సీలు పడింది.

అంతటితో పోయుంటే సరిపోయేది. పదిరోజుల తరవాత ఎవరికో కొత్త సందేహం వచ్చింది. అధికారిక శబ్దం ఇదని తేలాక, రోడ్డు మీద తిరిగే బస్సులు దానికి తగ్గట్టు ఉన్నాయా లేదా చూడాలి కదా. డిపో గేటు దగ్గర ఒక బల్ల, బల్ల మీద శబ్దం కొలిచే మిషను, దాని వెనక ఒక ఇన్‌స్పెక్టరు వెలిశారు. తొలిరోజు అరవైమూడు బస్సులకు అరవైమూడూ తప్పాయి.

మర్నాటికి డ్రైవర్లు దారి కనుక్కున్నారు. గేటుకు పది బారల ముందు ఇంజను ఆపేసి, జనాన్ని దింపి, నెట్టించడం. టికెట్టు కొన్నవాళ్ళు ఎడమవైపు, పాసులున్నవాళ్ళు కుడివైపు నెట్టాలని కండక్టర్లు సర్దుబాటు చేశారు. మిషను ముల్లు కదల్లేదు. ఇన్‌స్పెక్టరు "శబ్దము తృప్తికరము" అని రాసి సంతకం పెట్టాడు. గేటు దాటాక ఇంజన్లు మళ్ళీ అంటుకునేవి. నెట్టే ఓపిక లేని ముసలివాళ్ళకు నెట్టుడు నుంచి మినహాయింపు ఇవ్వాలని ఒక వినతిపత్రం కూడా వచ్చింది. పరిశీలనలో ఉంది.

పరీక్షలు మళ్ళీ మొదలయ్యాయి. సిమ్యులేటర్ ఇప్పుడు చచ్చిన చేపలా నోరు తెరుచుకుని బొమ్మలు మాత్రం చూపించేది. ఎప్పుడు ఏ గేరో డ్రైవర్లకు అంతుబట్టలేదు. మొన్నటిదాకా ఎలాగో నెట్టుకొచ్చినవాళ్ళు కూడా తప్పారు. షెడ్డులో పైపులు చాలక వంతులు వేసుకున్నారు. మద్దిలేటి మూడో పరీక్ష సోమవారం పదకొండు గంటలకు పడింది.

ఆదివారం మధ్యాహ్నం నట్టింట్లో పీట మీద కూచుని, ఎడమచేత్తో లేని గేరు మారుస్తూ, కాలితో లేని క్లచ్చి తొక్కుతున్నాడు. భార్య సుంకులమ్మ పక్కన గోగాకు వలుస్తోంది. 

"మూడో గేరెయ్యి, సెవులు పోతాండాయి" అంది సుంకులమ్మ తలెత్తకుండా.

మద్దిలేటి ఆగాడు. అప్పటిదాకా తన నోట్లోంచి బస్సు మోగుతోందని ఆయనకు తెలియనే తెలియదు.

"నీకెట్ల తెలిసిందిమే?"

"తెలియకేమి? పెండ్లయినకాణ్ణుంచి పుట్టింటికి పొయ్యేది నీ బస్సులోనే కదా. రెండో గేరులో ఇంతసేపు ఎవురన్నా గుంజుతారా? మా ఊరి వంకలో నీళ్ళు దాటేతప్పుడే మూడెయ్యాల నువ్వు."

"ఇప్పుడు ఏ గేరు సెప్పు" అని మళ్ళీ మోగించాడు.

"ఎక్కుడు. రెండు. కిటికీలు గూడా మోగిస్తాండావు, బాగుంది." గోగాకు పక్కన పెట్టి మొగుడి ముఖంలోకి చూసింది. "రేపు గూడా నోరు తెరిసి ఏడువు. ఈ ఒక్క పనికన్నా పనికొస్తాదేమో ఆ నోరు."

సోమవారం పదకొండింటికి మద్దిలేటి సీటెక్కాడు. ఎదురుగా తారకేశ్వరరావు గారు, చేతిలో మార్కుల కాగితం. మద్దిలేటి తాళం తిప్పి, గొంతు సవరించుకుని, ముప్పైఏడును స్టార్ట్ చేశాడు. ముందు రెండు దగ్గులు, తరవాత కడుపులోంచి దడదడ, పైన కిటికీల గడగడ. రజియా నోరు మూసుకుని నవ్వాపుకుంది. గొంతు నసిగినప్పుడు గేరు మార్చాడు, మూలిగినప్పుడు దించాడు. బొమ్మ బర్రెలొచ్చాయి. నోటితోనే హారను కొట్టి, బ్రేకు కీచుమనిపించి, వాటిని పోనిచ్చి, మళ్ళీ ఒకటో గేరు. బడి దాటింది, చెరువు దాటింది, ఆసుపత్రి దగ్గర గొంతు తగ్గించింది. నూటికి తొంభైరెండు.

తారకేశ్వరరావు గారు కాగితం వెనకనున్న నిబంధనలు వేలుపెట్టి చదివారు. "యంత్రము నుండి శబ్దము వెలువడరాదని నిబంధన. యంత్రము నుండి వెలువడలేదు. అభ్యర్థి నోటి నుండి వెలువడరాదని ఎచ్చటను లేదు. నీవు ఉత్తీర్ణుడవు."

మద్దిలేటి రెండు చేతులూ జోడించాడు. "అయితే రేపటినుంచి నా డ్యూటీ సార్?"

"తొందరపడకుము. ఆర్డరు వచ్చును" అన్నారు ఆయన. మొదటిసారి అర్జీ చదివినప్పటి వెలుగు మళ్ళీ వచ్చింది ముఖంలో.

మర్నాడు ఆర్డరు వచ్చింది. డిపోలో డ్రైవర్లందరూ తప్పుతున్నందున, అన్ని విభాగాలకూ అభ్యంతరం లేని ఇంజన్ శబ్దం మద్దిలేటి దగ్గర మాత్రమే ఉన్నందున, ఆయన్ను ట్రాఫిక్ విభాగం నుంచి సిమ్యులేటర్ గదికి తరలించడమైనది. స్టాకు రిజిస్టరులో రజియా చేత రాయించారు: వరస నంబరు ఒకటి, టీవీలు, మూడు. రెండు, సీటు, ఒకటి. మూడు, స్టీరింగు, ఒకటి. నాలుగు, ధ్వని, ఒకటి. మూడింటికీ రేకు బిళ్ళలు కొట్టి ఉన్నాయి కాబట్టి నాలుగోదానికీ ఉండాలన్నారు. మేకు కొట్టే వీలు లేక, దారంతో మద్దిలేటి చొక్కా గుండీకి కట్టారు.

"నేను పాసైనా కదా సార్" అన్నాడు మద్దిలేటి. "నా బస్సు నాకియ్యాల కదా."

"మద్దిలేటీ, బస్సు నడుపగలవారు ఈ డిపోలో ఎందరో ఉన్నారు. బస్సు కాగలవాడవు నీవొక్కడవే."

ఆనాటినుంచి ఆయన సీటు వెనక స్టూలు మీద కూచుని, రోజుకు పదిమంది డ్రైవర్లకు బస్సయ్యాడు. అందరూ పాసయ్యారు. షెడ్డులోంచి బయటపడ్డ డ్రైవర్లు పోతూ పోతూ కాళ్ళకు దండం పెట్టేవాళ్ళు. అది ఒక పక్క బాగానే ఉండేది. ఒకసారి జలుబు చేసి గొంతు పట్టేస్తే, సెలవు కాగితం చెల్లదన్నారు. ఉపకరణాలకు సెలవుండదు, మరమ్మతు ఉంటుంది. కంపెనీ వాళ్ళ ఇంజనీరు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వచ్చి, టార్చి వేసి ఆయన నోట్లో చూసి, ఈ మోడలు మేం సరఫరా చేయలేదని రాసిచ్చి పోయాడు.

ఇంకోసారి మంచినీళ్ళు తాగడానికి ఆగితే, తెర మీద బొమ్మ బస్సు మాత్రం సాగిపోయి కాలవలో పడింది. దోషం డ్రైవరుదా, ధ్వనిదా అని తగాదా. తారకేశ్వరరావు గారు ఆర్డరు వేశారు: "ధ్వని ఆగినచోట వాహనము ఆగినట్లే భావింపవలెను. తెరపై కనబడు కదలిక పరిగణింపబడదు."

వీటన్నిటినీ మద్దిలేటి ఓర్చుకునేవాడే. ఓర్చుకోలేనిది ఇంకొకటి. ఆ గది గోడ అవతలే రోడ్డు. ముప్పైఏడును ఎవరో కొత్త డ్రైవరుకు ఇచ్చారు. గేటు దాటి ఇంజను అంటుకున్నాక, వాడు రెండో గేరులోనే దాన్ని లాక్కుపోతుంటే అది అరుచుకుంటూ పోయేది. రోజుకు నాలుగుసార్లు వినేవాడు. గుండీకి కట్టిన బిళ్ళను పట్టుకుని నలిపేవాడు.

ఒక మధ్యాహ్నం అలా నలుపుతుంటే రజియా చూసింది. ఆ పిల్ల బీరువాలోంచి స్టాకు నిబంధనల పుస్తకం తీసి, తిరగేసి తిరగేసి, ఒకచోట వేలు పెట్టింది.

"మామా, ఇది చదువుతా, ఇను. పై అధికారి సమక్షమున పనిచేయని ఉపకరణమును అదే దినమున కండెం చేయవలెను, అనగా పనికిరానిదని కొట్టివేయవలెను. ఇతర విభాగముల నుండి తెచ్చినదైనచో ఆయా విభాగములకు తిప్పి పంపవలెను." పుస్తకం మూసింది. "నువ్వు ఏ విభాగంనుంచి వచ్చినావు?"

"ట్రాఫిక్."

"వచ్చే బుధవారం ఎండీ గారు వస్తాండారు, యంత్రం చూసేదానికి."

మద్దిలేటి బిళ్ళను వదిలేశాడు.

బుధవారం సంస్థ ఎండీ గారు వచ్చారు. వెనక పదకొండుమంది అధికారులు. యంత్రం నడపాలని ఎండీ గారే ముచ్చటపడ్డారు. మద్దిలేటి తక్కువ చేయలేదు. ముప్పైఏడును దాని మంచి రోజుల్లో మోగినట్టు మోగించాడు. ఎండీ గారు పసిపిల్లవాడిలా నవ్వుతూ మూడో గేరు దాకా వచ్చారు. ఘాటు రోడ్డు మొదలైంది. సగం ఎక్కాక శబ్దం ఒకసారి తడబడింది. రెండు దగ్గులు దగ్గింది. ముసలాయన నిద్రలోకి జారినట్టు మెల్లగా సన్నగిల్లి ఆగిపోయింది.

"బండి ఆగింది సార్" అంది రజియా.

"ఆగలేదమ్మా. తెర మీద పోతూనే ఉంది" అన్నారు ఎండీ గారు.

ధ్వని ఆగితే వాహనం ఆగినట్టేనన్న ఆర్డరు కాగితం తీసి రజియా చదివింది. ఎండీ గారు రూలుకు కట్టుబడే మనిషి. తారకేశ్వరరావు గారి వైపు తిరిగారు. "మీ ఆర్డరే. అయితే ఇప్పుడు ఏం చేయాలి?"

తారకేశ్వరరావు గారు నిబంధన కోసం జేబులు తడుముకున్నారు. రజియా అందుకుంది. "ఈ డిపోలో నెడతారు సార్."

ఎండీ గారు సీటు దిగలేదు, దిగమని అనే ధైర్యం ఎవరికీ లేదు. పదకొండుమంది అధికారులు చొక్కా చేతులు మడిచి నిలబడ్డారు. ఎడమవైపు బాడీ, మెకానికల్, బ్రేకులు, కుడివైపు ట్రాఫిక్, స్టోర్సు, తక్కినవాళ్ళు. తారకేశ్వరరావు గారు నడుమ. యంత్రం నేలకు బోల్టులతో బిగించి ఉంది. ఆ సంగతి అందరికీ తెలుసు గానీ ఎవరూ ముందుగా చెప్పదలుచుకోలేదు. పావుగంట నెట్టారు. స్టోర్సు అధికారి చొక్కా వెనక చిరిగింది. చివరికి నాలుగు బోల్టులూ ఊడొచ్చి, యంత్రం ఎండీ గారితో సహా మూరెడు ముందుకు జరిగింది.

"అద్భుతం" అన్నారు ఎండీ గారు. "అచ్చం బస్సు కదిలినట్టే ఉంది. ఇక స్టార్ట్ చేయండి."

తారకేశ్వరరావు గారు స్టూలు దగ్గరికొచ్చి ఒంగారు. ఆయాసంలో గ్రాంథికం జారిపోయింది. "ఒరే మద్దిలేటీ, నీకు దండం పెడతా, స్టార్ట్ చేయరా."

మద్దిలేటి నోరు తెరిచాడు. పంచరైన ట్యూబులోంచి వచ్చినట్టు గాలి మాత్రం వచ్చింది. మళ్ళీ తెరిచాడు. అదే గాలి. కళ్ళు మాత్రం ఎండీ గారి మీద వినయంగా ఉన్నాయి.

రజియా కండెం ఫారం మూడు ప్రతుల్లో ముందే నింపి పెట్టుకుంది. సాయంత్రం ఐదుకు సంతకాలైపోయాయి. "వరస నంబరు నాలుగు, ధ్వని, మరమ్మతునకు అర్హము కాదు. ట్రాఫిక్ విభాగమునకు తిప్పి పంపడమైనది. కండెం అయిన ఈ ధ్వనిని ఇకపై సంస్థ ఆవరణలో గానీ వాహనములలో గానీ ఎట్టి పరిస్థితులలోను వినియోగించరాదు." బిళ్ళ దారం రజియానే కత్తెరతో కత్తిరించింది. కొత్త ధ్వని కోసం టెండరు పిలవాలని తారకేశ్వరరావు గారు అప్పటికే రాసుకుంటున్నారు.

గురువారం పొద్దున మద్దిలేటికి గోనెపాడు డ్యూటీ పడింది. గేటు అవతల బస్సు ఎక్కుతున్న జనంలో గంపతో ఒక అవ్వ ముందుకొచ్చింది.

"నాయనా, ఇది గోనెపాడు పోతాదా?"

మద్దిలేటి తలూపాడు.

"ఎన్నిగంటలకు పోతాది?"

మద్దిలేటి మాట్లాడలేదు. అవ్వకు కోపమొచ్చింది. "ఏందప్పా, నోట్లో ముత్యాలు పెట్టుకున్యావా?"

"ఆయప్ప కండెం అయినాడవ్వా" అన్నాడు కండక్టరు, జేబులోంచి కాగితం తీసి చూపిస్తూ. "బస్సులో శబ్దం చెయ్యకూడదని ఆర్డరు. తోలేదానికి మాత్రం పర్మిషనుంది."

అవ్వ కాగితాన్ని చదవొచ్చినట్టే అటూ ఇటూ తిప్పి చూసింది. "కండెం అయినోడు తోలొచ్చంట. అట్లయితే బాగున్నోళ్ళంతా యాడుండారు?"

"ఆపీసులో."

అవ్వ గంపను డ్రైవరు వెనక సీటు కింద తోసి కూచుంది. మద్దిలేటి తాళం తిప్పాడు. ముప్పైఏడు గట్టిగా అరిచింది, అరుపులో కొత్త డ్రైవరు పెట్టిన జీర ఇంకా ఉంది. ఆయన ఏమీ అనలేదు, అనకూడదు కూడా. నోరు మూసుకుని దాన్ని నెమ్మదిగా మొదటి గేరులో రోడ్డెక్కించాడు. అది మళ్ళీ తన గొంతుతో పలకడానికి సుంకులమ్మ ఊరి వంక దాటేదాకా పట్టింది.